మంగళవారం పందెం

క్లబ్బు మీటింగులో ఆడవాళ్ళు మాట్లాడకూడదన్న రూలేమీ లేదు. ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు, అంతే. ఆ చలికాలం మొదట్లో నేను లేచి నిలబడ్డాను.

మా డన్‌బెక్ ఊళ్ళో కర్లింగ్ షెడ్డుకి ఆనుకుని ఉన్న గదిలో మీటింగ్. కర్లింగ్ అంటే ఐసు మీద బరువైన రాయిని జార్చి, దాని ముందు చీపుళ్ళతో ఊడుస్తూ గురికి చేర్చే ఆట. బయట కనురెప్పలు అంటుకుపోయే చలి. లోపల ఊరి మగవాళ్ళంతా, సిగరెట్ల పొగ, తడిసిన ఉన్ని కోట్ల వాసన. వంటగది కిటికీలోంచి డాక్టరు గారి భార్య మావిస్ కాఫీ కప్పులు అందిస్తోంది. ప్రెసిడెంటు మర్డో గిలిస్ కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకెవరికైనా ఏమైనా అడగాలని ఉందా?" అన్నాడు. ఎవరికీ ఉండదని ఆయన ధీమా.

"నాకుంది," అన్నాను. "ఆడవాళ్ళకి సాయంత్రం ఆడుకోవడానికి ఐసు ఎందుకివ్వరు?"

"మీకు బుధవారం మధ్యాహ్నం ఉందిగా, నెట్టీ."

"బుధవారం మధ్యాహ్నం నేను ఫ్యాక్టరీలో టర్కీ కోళ్ళ ఈకలు పీకుతుంటాను, మర్డో. నా పక్కన ఈ ఊరి ఆడవాళ్ళు సగం మంది అదే పనిలో ఉంటారు. ఆ ఐసు ఇంట్లో కూర్చునేవాళ్ళకి. పనికి పోయేవాళ్ళ ఐసేది?"

వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. "ఒరే ఓరెస్టూ, మీ ఆవిడకి ఇంట్లో ఊడవడానికి గచ్చు చాలట్లేదేమోరా!"

గదంతా నవ్వింది. ఓరెస్ట్ నా మొగుడు. ధాన్యం నిలవచేసే గిడ్డంగిలో, అదే ఎలివేటర్‌లో, గిలిస్ కింద పనిచేస్తాడు. మంచు మీదా గిలిస్ జట్టులోనే ఆడతాడు. అతను తల వంచుకుని బూట్లు చూసుకున్నాడు.

"ఊడవడం గురించి మీరే చెప్పాలి," అన్నాను. "వారంలో ఆరు సాయంత్రాలు ఇక్కడ చెమటలు కారేలా ఊడుస్తారు. ఇంటి దగ్గర చీపురు పట్టినవాడు ఒక్కడుంటే చెయ్యెత్తండి."

చెయ్యి లేవలేదు. కిటికీ అవతల మావిస్ కాఫీ పొరబోయినట్టు దగ్గింది.

"ఇంకో సంగతి. ఈ షెడ్డు కప్పు ఎవరు వేశారు? కోతలయ్యాక మేము కోళ్ళ విందులు పెట్టి, పిండిలో బెర్రీ పళ్ళు కూరి పైలు కాల్చి అమ్మిన డబ్బుతో వేశారు. మా కప్పు కింద మేం పగలు మాత్రమే నిలబడాలా?"

గిలిస్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. పెద్ద పోటీలు మొదలయ్యేలోపు మా క్లబ్బులో ఏ జట్టునైనా ఓడించండి. మంగళవారం సాయంత్రం మీకిచ్చేస్తాం."

"ఏ జట్టైనా?"

"ఏదైనా."

"అయితే నీదే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గిలిస్ లేచి వచ్చి చెయ్యి చాపాడు. నేను కలిపాను. మా దగ్గర ఆట చేతులు కలిపి మొదలవుతుంది, చేతులు కలిపి ముగుస్తుంది. చెయ్యి కలిశాక కాగితంతో పనిలేదు.

మా ఇంటి గుమ్మం దగ్గర బూట్ల మంచు దులుపుకుంటూ ఓరెస్ట్ అన్నాడు. "ఆయన కింద పనిచేస్తున్నాన్నేను. ఆ సంగతి గుర్తుందా నీకు?"

"నువ్వు చేస్తున్నావు. నేను చెయ్యట్లేదు."

లోపల మా అత్త పరాస్కా పిండిలో ఆలుగడ్డ ముద్ద పెట్టి పిరోగీలు చుడుతోంది. యాభై దాటినా ఫ్యాక్టరీలో నాకంటే వేగంగా ఈకలు పీకుతుంది. మా మాటలన్నీ విన్నది.

"ఎవర్ని ఓడిస్తావంట?"

"నీ కొడుకుని."

"మంచిపని. వాడు ఓడి చాన్నాళ్ళయింది." పిండి దులుపుకుంది. "జట్టుకి నలుగురు కావాలిగా. ఎవరెవరు?"

"నేను. డెల్ఫీన్. కొత్తగా వచ్చిన డచ్చి పిల్ల హెంద్రికా వస్తానంది."

"నాలుగో మనిషి?"

"వెతకాలి."

"వెతకడమెందుకు? కళ్ళు కనపడట్లేదా నీకు?"

ఓరెస్ట్ తల పట్టుకున్నాడు. "అమ్మా! నువ్వు జన్మలో ఎప్పుడైనా ఆ రాయి ముట్టుకున్నావా?"

"ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి నేను ముట్టుకున్నదే రాళ్ళురా! ఆ పొలంలో రాళ్ళు ఏరి ఏరి గుట్టలు పోసింది నేను కాదూ? నువ్వు ఆ గుట్టల మీదెక్కి ఆడుకోలేదూ?"

ఆ రాత్రి నుంచి ఓరెస్ట్ తన పళ్ళెం తీసుకుపోయి పొయ్యి దగ్గర ఒక్కడే కూర్చుని తిన్నాడు.

* * *

తెల్లవారుజామున, ఫ్యాక్టరీ సైరన్ కూతకి ముందు, షెడ్డులో మాకు దొరికిన టైమది. మంచు చూసుకునే ముసలాయన తలుపు తీసిపెట్టి పొయ్యి దగ్గర కునికేవాడు.

డెల్ఫీన్‌కి ఆట బాగా వచ్చు. ఆమెది మెటీ కుటుంబం, ఈ నేల మీది ఆదివాసులూ ఫ్రెంచివాళ్ళూ కలిసిన జనం. చిన్నప్పుడు అన్నదమ్ములతో కలిసి జాము డబ్బాల్లో సిమెంటు పోసి, ఇనప కడ్డీ వంచి పిడి పెట్టి, గడ్డకట్టిన నది మీద ఆడింది. నేను ఫ్యాక్టరీలో చేరకముందు బుధవారాలు ఆడినదాన్ని. మిగతా ఇద్దరికీ ఓనమాల దగ్గర్నుంచి చెప్పాలి.

హెంద్రికా రాయిని చూసి చుట్టూ తిరిగింది. నున్నటి గ్రానైటు, పైన పిడి, బరువు ఓ ఐదారేళ్ళ పిల్లవాడంత. "దీన్ని అంత దూరం విసరాలా అక్కా?"

"విసిరితే నీ నడుము పోతుంది, మంచు పగులుతుంది. ఎత్తకు. ఈ గుంటలో కాలు తన్నిపెట్టి, రాయితోపాటు నువ్వూ జారు. జారుతూ వదిలెయ్. దాన్ని నెట్టేది చెయ్యి కాదు, కాలు."

జారింది. రాయి ఒకవైపు, తనొకవైపు. పరాస్కా పగలబడి నవ్వి, తన వంతుకి తనూ బోర్లా పడింది.

"అదిగో, ఆ చివర రంగు వలయాలున్నాయే, అది ఇల్లు," అని చూపించాను. "మనకి ఎనిమిది రాళ్ళు, వాళ్ళకి ఎనిమిది. మనిషికి రెండేసి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. అన్నీ వేశాక ఒక విడత అయినట్టు; అప్పుడు నడిమధ్య చుక్కకి ఎవరి రాయి దగ్గరుంటే వాళ్ళకే పాయింట్లు. రెండో జట్టుకి ఆ విడతకి సున్నా. వాళ్ళ మంచి రాయికంటే దగ్గరగా మనవి ఎన్నుంటే అన్ని పాయింట్లు."

"దగ్గరగా వెళ్ళాలి, అంతేగా?" అంది పరాస్కా.

"అంతే అయితే పిల్లలాట. వాళ్ళ రాయిని కొట్టి బయటికి తోలెయ్యొచ్చు. మన రాయికి ముందు ఇంకోటి కాపలా పెట్టొచ్చు. కాపలా చాటుకి ఎలా పోవాలంటావా? వదిలేటప్పుడు పిడిని కొంచెం తిప్పి వదులు. రాయి నెమ్మదించే కొద్దీ అటువైపు వంగుతుంది."

"మరి చీపుళ్ళెందుకు?"

డెల్ఫీన్ అందుకుంది. "రాయి ముందు మంచుని గట్టిగా ఊడిస్తే ఆ వేడికి నున్నబడుతుంది పెద్దమ్మా. రాయి ఇంకొంచెం దూరం పోతుంది, తక్కువ వంగుతుంది. వదిలాక దాన్ని నడిపేది ఊడ్చేవాళ్ళే."

"ఇక్కడా ఇల్లే, ఇక్కడా ఊడవడమే!" అంది పరాస్కా. "దీని కోసమా మనం మొగాళ్ళతో కొట్లాడుతున్నది?"

మంచు మీద కూలబడి నవ్వుకున్నాం. లేచాక నేను ఆఖరి సంగతి చెప్పాను. "ఊడ్చేటప్పుడు చీపురు రాయికి తగలకూడదు. పుల్ల తగిలినా ఆ రాయి చెల్లదు, తీసెయ్యాలి."

"చూసేదెవరు?"

"ఎవరూ చూడరు. అంపైరుండడు. తగిలిందని తగిలించినవాళ్ళే చెప్పాలి."

"అయితే దొంగలకి భలే ఆట."

"దొంగలకి వేరే ఆటలున్నాయిలే పెద్దమ్మా," అంది డెల్ఫీన్. తర్వాత నా వైపు తిరిగింది. "నాకొకటి అర్థం కాదు నెట్టీ. కప్పు మన పైలతో వేశారన్నావు. మరి మనది మనకి రావడానికి పందెం ఎందుకు గెలవాలి?"

"ముందు రాయి వెయ్యి," అని కసిరాను.

చలి ముదిరింది. పరాస్కా రాయి ముందు సగం దూరం పోయేది, తర్వాత ముప్పాతిక, తర్వాత వలయం అంచుకి. ఊడవడంలో మాత్రం ఆమెకి ఎదురు లేదు. ఈకలు పీకిన చేతులు, రాళ్ళు మోసిన భుజాలు. ఆమె చీపురు దెబ్బల చప్పుడుకి ముసలాయన నిద్రలేచి తిట్టుకునేవాడు. ఫ్యాక్టరీలో తొట్టెల పక్కన నిలబడి మేము ఈ కబుర్లే చెప్పుకునేవాళ్ళం. వినేవాళ్ళు రోజురోజుకీ పెరిగారు. ఓ పెద్దావిడ ఈకల చేత్తోనే నా భుజం పట్టుకుని, "మంగళవారం వస్తే నాకూ చోటుంటుందా?" అని అడిగింది. ఆమె మొహం చూశాక నాకు నిద్ర తగ్గింది.

* * *

ఆట రోజు షెడ్డుకీ గదికీ మధ్య ఉన్న అద్దాల వెనక నిలబడడానికి చోటు లేదు. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు పని నుంచి సరాసరి వచ్చేశారు. వాళ్ళ బూట్లకి ఇంకా ఈకలు అంటుకుని ఉన్నాయి. మావిస్, ఆమె బుధవారం స్నేహితురాళ్ళు వంటగదిలో పైలు కోస్తున్నారు.

చేతులు కలుపుకున్నాం. ఓరెస్ట్ నాతో చెయ్యి కలిపి, "బాగా ఆడు," అన్నాడు. ఎదుటి జట్టుతో ఎవరైనా అనే మాటే అది. వాళ్ళమ్మ మాత్రం కొడుకు చెయ్యి వదల్లేదు. "చొక్కా గుండీ పెట్టుకో, జలుబు చేస్తుంది," అంది. వాళ్ళ జట్టు మొత్తం మంచుకేసి చూసి నవ్వాపుకుంది.

మొదటి విడతల్లో మమ్మల్ని ఉతికేశారు. గిలిస్ ముప్పై ఏళ్ళుగా ఆడుతున్నాడు. ఆయన వదిలిన రాయి ఆయన మాట వినే కుక్కలా వెళ్ళి చెప్పిన చోట కూర్చుంటుంది. సగం ఆటకి మూడు పాయింట్లు వెనకబడ్డాం. అప్పుడు డెల్ఫీన్ ఒకే రాయితో వాళ్ళవి రెండు బయటికి తోలింది. అద్దాల వెనక నుంచి వచ్చిన కేక మంచు దాకా వినపడింది. హెంద్రికా రాయి ఒకటి దారి తప్పి మా కాపలా రాయికి తగిలి, పక్కకి వంగి, చుక్క పక్కన ఆగింది. తను అదే అనుకుని వేసినట్టు మొహం పెట్టింది. ఒక్కో పాయింటూ లాక్కున్నాం.

ఓరెస్ట్ ఆ రోజు ఒళ్ళు దాచుకోలేదు. ఎదురుగా ఉన్నది పెళ్ళామూ తల్లీ అని ఒక్క చీపురు దెబ్బ తగ్గించి ఉంటే జన్మలో క్షమించేదాన్ని కాదు. తగ్గించలేదు. అతని చీపురు పుల్లలు రాలి మంచు మీద గడ్డివాములా పడ్డాయి.

చివరి విడతకి సమానం. ఆఖరి రాయి మాది.

గిలిస్ తన ఆఖరి రాయిని కాపలా చాటుకి వంచి లోపలి వలయం అంచున కూర్చోబెట్టాడు. అంతకంటే దగ్గరగా ఇంకే రాయీ లేదు. నా రాయి దాన్ని దాటి చుక్క దగ్గరికి పోతే మంగళవారం మాది. పోకపోతే వాళ్ళది.

అవతలి చివర డెల్ఫీన్ గురి కోసం చీపురు నిలబెట్టింది. ఆమె మొహంలో ఏమీ లేదు. మంచి ఆటగాళ్ళ మొహంలో ఏమీ ఉండదు. నేను గుంటలో కాలు పెట్టి, జారి, పిడి తిప్పి వదిలాను. వదిలిన క్షణంలోనే తెలిసింది, కొంచెం తక్కువ వేశానని.

"ఊడవండి!" అని గొంతు చిరిగేలా అరిచాను. "ఊడవండి! అత్తా, ఆపకు! ఆపకు!"

పరాస్కా, హెంద్రికా ఇద్దరూ రాయి మీదకి వంగి ఊడ్చారు. రాయి చావబోతోంది. వాళ్ళు చావనివ్వలేదు. కాపలా పక్క నుంచి వెంట్రుకవాసిలో దూరి, వంగి, గిలిస్ రాయిని దాటి, చుక్క మీదకి ఎక్కి ఆగింది.

షెడ్డు బద్దలైంది. అద్దాల మీద పిడికిళ్ళు మోగుతున్నాయి. హెంద్రికా చీపురు గాల్లోకి విసిరింది. నేను పరుగెత్తాను. మంచు మీద పరుగెత్తకూడదు. పరుగెత్తాను.

పరాస్కా ఆ సంబరంలో లేదు. చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది.

"తగిలింది," అంది.

"ఏంటి తగిలింది?"

"నా చీపురు. కాపలా రాయి దాటేటప్పుడు. తగిలింది."

గిలిస్ ఆ వలయాల వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన మెల్లగా అన్నాడు. "నాకైతే కనపడలేదమ్మా."

"నీకెలా కనపడుతుంది? చీపురు నా చేతిలో ఉంటే?"

ఓరెస్ట్ తల్లి వైపు చూస్తున్నాడు. అద్దాల వెనక అరుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఈకల బూట్ల ఆడవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. నేను జీవితంలో ఎన్నో మీటింగుల్లో అరిచాను, ఎందరి మీదో విరుచుకుపడ్డాను. అంత బరువైన మాట ఎప్పుడూ నా నోటికి రాలేదు.

"ఖాయమేనా, అత్తా?"

ఆమె నా మొహంలోకి చూసింది. మా రాయి దగ్గరికి నడిచి, బూటు కాలితో దాన్ని తనే ఇంట్లోంచి బయటికి తోసేసింది. రాయి వెళ్ళి వెనక చెక్కకి కొట్టుకుంది.

నేను చేతి తొడుగు తీసి గిలిస్‌కి చెయ్యిచ్చాను. "బాగా ఆడారు," అన్నాను. ఓడిన నాయకురాలు అనాల్సిన మాట అది. అనేసి తలెత్తే నిలబడ్డాను. మా అత్త పక్కన తలొంచుకుని ఎలా నిలబడతాను?

* * *

గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి కాఫీ, పై కొనిపెట్టి, ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. అది మా దగ్గర ఆటలో భాగం. కూర్చోకుండా ఇంటికి పోయినవాణ్ణి మర్నాడు ఎవరూ పలకరించరు.

ఎనిమిది మందిమీ కూర్చున్నాం. గిలిస్ కాఫీ తేవడానికి వంటగది కిటికీ దగ్గరికి పోయాడు. అక్కడ ఎవరూ లేరు. కోసిన పైలు ఉన్నాయి, మరుగుతున్న కాఫీ ఉంది, పోసేవాళ్ళు లేరు. ఆప్రాన్లు మేకులకి వేలాడుతున్నాయి. మావిస్, ఆమె స్నేహితురాళ్ళు వచ్చి మా వెనక కుర్చీల్లో కూర్చున్నారు.

"మావిస్? కాఫీ?"

"కూర్చున్నాను, మర్డో. ఇప్పుడే పెద్దావిడ చేసింది చూశాను. నాకు లేవాలనిపించడం లేదు."

అదంతా నేను ముందే పన్నిన పథకమని ఊళ్ళో ఈనాటికీ అంటారు. కాదు. మావిస్ కూర్చుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. బుధవారం ఆడవాళ్ళని నేను లెక్కలోకే తీసుకోలేదు. కాకపోతే ఎదురుగా తలుపు తెరుచుకుంటే బయట నిలబడే మనిషిని కాను.

గిలిస్ గదంతా కలయజూశాడు. "ఏంటిది? సమ్మెనా?"

"ఇంకా కాదు," అన్నాను. "వచ్చేవారం పెద్ద పోటీలు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ వస్తాయి. పొద్దున్నించి అర్ధరాత్రి దాకా ఆ వంటగది నడవాలి. ఎవరు నడుపుతారో ఇప్పుడే మాట్లాడుకుందాం."

"పందెం ఓడిపోయారు, నెట్టీ."

"ఓడిపోయాం. మంగళవారం మీదే. ఇక దాని ఊసెత్తను. నేనడిగేది గురువారం. దీనికి పందెం లేదు. ఇది మాకు రావలసింది."

ఎవడో కిసుక్కుమన్నాడు. గిలిస్ నవ్వలేదు. "గురువారం ఎలివేటర్ వాళ్ళ ఆటలు. వాళ్ళెక్కడికి పోతారు?"

అప్పుడు ఓరెస్ట్ గొంతు సవరించుకున్నాడు.

"మేం బుధవారం మధ్యాహ్నం ఆడుకుంటాం గిలిస్ గారూ."

"మధ్యాహ్నం పనెవడు చేస్తాడయ్యా?"

"చలికాలం మధ్యాహ్నాలు మనం చేసేది... మీకు తెలుసుగా. పేకలు నా డ్రాయర్లోనే ఉన్నాయి."

ముందు డెల్ఫీన్ నవ్వడం మొదలెట్టింది. ఆమె నవ్వితే బల్ల ఊగుతుంది. ఆ నవ్వు బల్లలన్నింటికీ పాకింది. గిలిస్ చెవులు ఎర్రబడ్డాయి. మావిస్ కళ్ళు తుడుచుకుంటూ, "బుధవారం మాతో కలిసి ఆడండి మర్డో, నేర్పిస్తాం," అంది.

ఓరెస్ట్ లేచి వంటగదిలోకి పోయాడు. మేకు మీది ఆప్రాను తగిలించుకున్నాడు, ముడి ముందుకి వేసుకుని. కప్పుల్లో కాఫీ సగం, సాసర్లలో సగం పోసి తెచ్చి అందరికీ పంచాడు. నా ముందు పెట్టేటప్పుడు నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. చూస్తే ఏడ్చేదాన్ని, ఆ రోజు ఏడవడం నాకిష్టం లేదు.

గిలిస్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఈ కాఫీ పోస్తే బయటి ఊళ్ళవాళ్ళు మళ్ళీ మన గడప తొక్కుతారా? సరే. గురువారం మీది." పరాస్కా వైపు తిరిగాడు. "ఎవరూ చూడలేదు కదమ్మా. ఎందుకు చెప్పావు?"

"తగిలింది కనక," అంది మా అత్త. "గెలిచావుగా, పై ఏదీ?"

ఆయన లేచి తనే తెచ్చాడు. పెద్ద ముక్క.

* * *

మొదటి గురువారం మేము వెళ్ళేసరికి గోడ మీద నల్లబల్ల దగ్గర గుంపు. జట్ల పేర్లు క్లబ్బు సెక్రటరీ చాకుపీసుతో రాసిపెట్టాడు. ఆడవాళ్ళ పేర్లు అతనికి తెలిసిన పద్ధతిలోనే, మొగుళ్ళ పేర్లతో రాశాడు. మిసెస్ ఓరెస్ట్ ఖోమ్యాక్. మిసెస్ స్టెఫాన్ ఖోమ్యాక్. మా మామ స్టెఫాన్ పోయి చాలాకాలమైంది.

నేను నోరు తెరవబోయాను. ఆ లోపలే ఓరెస్ట్ కుర్చీ లాగి ఎక్కాడు. కోటు చేతితో తన పేరు చెరిపి 'నెట్టీ' అని రాశాడు. వాళ్ళ నాన్న పేరు దగ్గర చెయ్యి కాస్త ఆగింది. అదీ చెరిపాడు. రాశాడు. తర్వాత కింది దాకా ఒక్కో ఆడమనిషినీ పేరడుగుతూ, రాస్తూ పోయాడు. ఈకల బూట్లతో వాళ్ళు వరసలో నిలబడి చెప్పారు. మావిస్ కూడా.

మా అత్తకి ఇంగ్లీషు చదవడం రాదు. బల్ల కింద నిలబడి మెడ ఎత్తి చూసింది.

"నాదెక్కడరా?"

"ఇదిగో అమ్మా, ఇదే. పరాస్కా."

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. చీపురు చంకన పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ చూసింది.

"ఇంత చిన్నగా రాశావేంరా?" అంది. "చెరుపు. పెద్దగా రాయి."